దేవదాసు (1953): తరచుగా అడిగే ప్రశ్నలు, నా జవాబులు

పాత తెలుగు సినిమాల మాట వచ్చినప్పుడల్లా దేవదాసు మీద అవే ప్రశ్నలు తిరిగి తిరిగి వస్తుంటాయి. అడిగేవాళ్ళలో సగం మంది సినిమా చూడకుండా పాటలు మాత్రమే విన్నవాళ్ళు, మిగతా సగం మంది చిన్నప్పుడు టీవీలో వస్తుంటే పెద్దవాళ్ళ పక్కన కూర్చుని కునికిపాట్లు పడుతూ చూసినవాళ్ళు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక లేక అన్నీ ఒకచోట పెడుతున్నాను. ముగింపుతో సహా కథంతా బయటపెట్టేస్తాను, చూడనివాళ్ళు ముందే జాగ్రత్తపడండి. డెబ్బై ఏళ్ళు దాటిన సినిమాకి ఇంకా సస్పెన్స్ ఏమిటంటారా, అదీ నిజమే.

ఇంతకీ ఏ దేవదాసు? బోలెడు ఉన్నాయి కదా?

1953 జూన్ 26న విడుదలైన తెలుగు దేవదాసు. వినోదా వారి సినిమా, నిర్మాత డి.ఎల్. నారాయణ, దర్శకుడు వేదాంతం రాఘవయ్య. దేవదాసుగా అక్కినేని నాగేశ్వరరావు, పార్వతిగా సావిత్రి, చంద్రముఖిగా లలిత, దేవదాసు తండ్రిగా ఎస్.వి. రంగారావు, పార్వతిని రెండో పెళ్ళి చేసుకునే జమీందారుగా సి.ఎస్.ఆర్. ఆంజనేయులు, తాగుడు నేర్పే స్నేహితుడు భగవాన్‌గా పేకేటి శివరాం. 2006లో రామ్ హీరోగా వచ్చిన దేవదాసుకి, 2018లో నాగార్జున, నాని కలిసి చేసిన దేవదాస్‌కి ఈ కథతో ఏ చుట్టరికమూ లేదు. పేరు వాడుకున్నారు, అంతే.

కథ అస్సలు తెలియదు. రెండు ముక్కల్లో చెప్పండి.

జమీందారు కొడుకు దేవదాసు, పక్కింటి పార్వతి చిన్నప్పటి నుంచీ కలిసి పెరుగుతారు. వాణ్ణి చదువుకి పట్నం పంపిస్తారు. తిరిగొచ్చేసరికి ఇద్దరూ పెద్దవాళ్ళవుతారు, పెళ్ళి మాట వస్తుంది, అంతస్తు చాలదని దేవదాసు తండ్రి ఒప్పుకోడు. దేవదాసు ఎదురు తిరగలేడు. పార్వతికి భార్య పోయి, ఎదిగిన పిల్లలున్న జమీందారుతో పెళ్ళయిపోతుంది. దేవదాసు తాగుడులో పడతాడు, చంద్రముఖి అనే వేశ్య ఇంటికి చేరతాడు, ఆమె ఇతని వల్ల మారిపోతుంది గానీ ఇతను మారడు. చావు దగ్గరపడ్డాక, పార్వతికి ఎప్పుడో ఇచ్చిన మాట కోసం ఆమె ఊరికి వెళ్ళి ఆమె గుమ్మం ముందు ప్రాణం విడుస్తాడు. మొత్తం ఇంతే. పేజీలో సగం కూడా పట్టని ఈ కథని ఇన్ని భాషలవాళ్ళు ఇన్నిసార్లు ఎందుకు తీశారన్నదే అసలు సంగతి.

నవల ఎవరిది? తెలుగు నవలేనా?

కాదు. బెంగాలీ రచయిత శరత్‌చంద్ర చటర్జీది. ఆయన 1876లో పుట్టారు, 1938లో పోయారు. ఈ నవల అచ్చయింది 1917లో అయినా, రాసింది అంతకు చాలా ముందే, తను ఇరవైల్లో ఉన్న కుర్రాడిగా. చదివితే ఆ వయసు తెలుస్తుంది. ఆవేశం ఎక్కువ, పేజీలు తక్కువ, ఓ మధ్యాహ్నం కూర్చుంటే అయిపోతుంది.

తెలుగు నవలేనా అని అడగడంలో తప్పేమీ లేదు. శరత్ పుస్తకాలు తెలుగు ఇళ్ళల్లో ఎంతగా చదివారంటే ఆయన్ని తెలుగు రచయితే అనుకున్నవాళ్ళున్నారు. ఇందులో ఎక్కువ పుణ్యం చక్రపాణిది. అవును, విజయా సంస్థలో నాగిరెడ్డి గారి జోడీగా మనకు తెలిసిన చక్రపాణే. క్షయ జబ్బు చేసి మదనపల్లె శానిటోరియంలో ఉన్న రోజుల్లో ఆయన బెంగాలీ నేర్చుకుని శరత్‌ని తెలుగులోకి తెచ్చారు. అందుకే 1953లో టిక్కెట్టు కొనుక్కుని వెళ్ళినవాళ్ళలో చాలామందికి దేవదాసు కొత్త మనిషి కాడు, ముందే పుస్తకంలో కలిసినవాడు. తర్వాత కూడా శరత్ కథలు మన సినిమాల్లోకి వస్తూనే ఉన్నాయి. 1957 తోడికోడళ్ళు, 1961 బాటసారి ఆయన కథలే.

సినిమా నవలకి ఎంత దగ్గరగా ఉంటుంది?

ఎముకల గూడు మొత్తం నవలదే. పేర్లు కొన్ని మనవి అయ్యాయి. నవలలో చున్నీలాల్ ఇక్కడ భగవాన్, పాత నౌకరు ధర్మదాసు ఇక్కడ ధర్మన్న, పార్వతి అత్తారి ఊరు హాతీపోతా ఇక్కడ దుర్గాపురం. మనుషుల కట్టూ బొట్టూ మాటా అన్నీ తెలుగువే. అయినా కథలోని మూల సమస్యకి పెద్దగా మార్పు చేయాల్సిన అవసరం పడలేదు, ఎందుకంటే జమీందారులు, అంతస్తులు, పక్కింటి పిల్లని కోడలిగా చేసుకుంటే నలుగురిలో తలవంపులన్న భయం, ఇవన్నీ మన దగ్గరా పుష్కలంగా ఉన్నవే. మద్రాసు రాష్ట్రంలో జమీందారీల రద్దు చట్టం 1948లో వచ్చింది. సినిమా వచ్చేనాటికి జమీందారు అనే మనిషి కళ్ళముందే చరిత్రలోకి జారిపోతున్నాడు, చూసేవాళ్ళకి మాత్రం ఆ దర్జా ఇంకా గుర్తుంది. రంగారావు గారి తండ్రి పాత్రని ఆ లెక్కలో చూడండి. గొంతు పెంచకుండానే ఇల్లంతా గడగడలాడించే మనిషి, తన మాటకి ఎదురుండదని నమ్మిన ఆఖరి తరం.

నవలలో చంద్రముఖి కథ కొంచెం పొడవు. అన్నీ వదిలేసి పల్లెటూరికి వెళ్ళి గుడిసెలో ఉంటుంది, మళ్ళీ దేవదాసుని వెతుక్కుంటూ కలకత్తా వస్తుంది. చిన్న నవలే గానీ ఆమెకి మాత్రం చోటు బాగానే ఇచ్చాడు శరత్.

ప్రేమ విఫలమైంది కాబట్టి తాగాడు, అంతేగా? ఇందులో ఇంకేముంది?

నాకు అన్నిటికంటే చిరాకు తెప్పించే ప్రశ్న ఇదే, అందుకే జవాబు కూడా పొడవు.

ప్రేమ విఫలం కావడం అంటే అవతలి మనిషి కాదనడం, లేదా ఊళ్ళోవాళ్ళు విడదీయడం. ఇక్కడ ఆ రెండూ మొదట జరగలేదు. వరసగా చూడండి. పెద్దవాళ్ళు కాదన్నాక పార్వతి ఊరుకోదు. అర్ధరాత్రి ఒంటరిగా లేచి, నౌకర్లు పడుకుని ఉన్న ఆ పెద్ద ఇంట్లోకి నడుచుకుంటూ వచ్చి దేవదాసు గదిలో నిలబడుతుంది. పెళ్ళికాని పిల్ల ఆ కాలంలో అలా రావడమంటే ఏమిటో ఇప్పటివాళ్ళకి వివరించి చెప్పాలి. ఎవరైనా చూస్తే ఆమె బతుకు అక్కడితో అయిపోయినట్టే. నవలలో దేవదాసు నోట వచ్చే మొదటి కంగారు ఏమిటో తెలుసా? నిన్ను ఎవరూ చూడలేదు కదా అని. ఆమె ప్రాణం చేతిలో పట్టుకుని వస్తే ఇతను పరువు లెక్క చూసుకుంటున్నాడు. సిగ్గుగా లేదా అని అడుగుతాడు కూడా. నా సిగ్గు నువ్వు దాస్తావన్న నమ్మకంతోనే వచ్చానన్నట్టు మాట్లాడుతుంది ఆ పిల్ల.

తెల్లారాక తండ్రి దగ్గర ఒక్కసారి నోరు తెరుస్తాడు, ఆయన కసురుకుంటాడు, ఇతను సామాను సర్దుకుని పట్నం వెళ్ళిపోతాడు. అక్కడి నుంచి ఉత్తరం రాస్తాడు. నీ మీద నాకు అలాంటి ప్రేమ ఉందని ఎప్పుడూ అనుకోలేదు, పెద్దవాళ్ళని బాధపెట్టలేను, మర్చిపో అనే అర్థం వచ్చే ఉత్తరం. పోస్టులో వేసిన మరుక్షణం నుంచి ఎందుకు వేశానా అని పీకులాట. కథంతా ఆ ఉత్తరంలో ఉంది. తండ్రి మొండితనం, అంతస్తు, ఊరి నోళ్ళు, అన్నీ నిజమే, కానీ పార్వతికి దేవదాసుని దూరం చేసింది దేవదాసు చేతిరాతే. ఆ తర్వాత అతను తాగేదంతా పార్వతిని మర్చిపోవడానికి అని అందరూ అంటారు. కాదని నా అభిప్రాయం. ఆ ఉత్తరం రాసిన తనని తాను భరించలేక తాగుతాడు. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుని సినిమా రెండోసారి చూడండి, రెండో సగంలో అక్కినేని కళ్ళల్లో కనిపించేది విరహం కన్నా ఎక్కువగా సిగ్గు అని మీకే అనిపిస్తుంది.

పార్వతిని కొట్టే సీను గురించి ఏమంటారు? అది ప్రేమా?

ఉత్తరం వేసి పశ్చాత్తాపపడి ఊరికి తిరిగొస్తాడు. అప్పటికి పార్వతికి సంబంధం ఖాయమైపోయింది. నవలలో ఈ సీను నీళ్ళ రేవు దగ్గర. ఆమె బిందెతో వస్తుంది, ఇతను చేపలు పట్టే గాలపు కర్ర పట్టుకుని ఉంటాడు. ఇప్పుడు మా వాళ్ళని ఒప్పిస్తాను అంటాడు. ఇక్కడ పార్వతి చెప్పే జవాబు కోసమే ఈ పుస్తకం కొనుక్కోవచ్చు. నీకే తల్లిదండ్రులున్నారా, నాకు లేరా, వాళ్ళ ఇష్టంతో పని లేదా అని అడుగుతుంది. నీకు డబ్బుంది, రూపం ఉంది, గుణం లేదు, నాకు రూపమూ ఉంది గుణమూ ఉంది అన్నట్టు తిప్పికొడుతుంది. మొన్న అర్ధరాత్రి కాళ్ళ దగ్గర చోటడిగిన పిల్ల ఈమేనా అనిపిస్తుంది. దేవదాసు తట్టుకోలేకపోతాడు. ఇంత గర్వం పనికిరాదు, చందమామకీ మచ్చ ఉంటుంది అంటూ ఆ కర్రతో నుదుటి మీద కొడతాడు. నెత్తురు కారుతుంది. వెంటనే తనే కట్టు కడతాడు.

ఇది ప్రేమ గుర్తు అని మన వాళ్ళు చాలాకాలం మురిసిపోయారు, ఆ మచ్చ గురించి తీపిగా చెప్పుకున్నారు. నేను అలా చూడలేను. మాటకి మాట చెప్పలేని మగవాడు చెయ్యెత్తాడు, అంతే. అయితే శరత్ దీన్ని గొప్పగా చూపించాడని కూడా అనుకోను, ఎందుకంటే ఆ సీనులో తెలివైన మాటలన్నీ ఆమెకే ఇచ్చాడు, ఇతనికి కర్ర మాత్రమే ఇచ్చాడు. చిన్నప్పుడు బడిలో ఉన్నప్పుడే ఆమెని కొట్టే అలవాటు ఇతనికి ఉంది, అదీ రచయిత ముందే చూపించి పెట్టాడు. ఎదగాల్సినవాడు ఎదగలేదని చెప్పడానికి ఇంతకన్నా ఏం చేయాలి?

పార్వతి ముసలి జమీందారుని ఎలా ఒప్పుకుంది?

ఆమెని ఎవరైనా అడిగితే కదా. పైగా ఆ పెళ్ళిలో ఓ పంతం కూడా ఉంది. మీ ఇంటికంటే పెద్ద ఇంటికి కోడలిగా, కాదు, యజమానురాలిగా వెళ్తాను అన్నట్టు. వెళ్ళాక ఏడుస్తూ మూలన కూర్చోదు. సంసారం చక్కబెడుతుంది, నవలలోనైతే తనకంటే పెద్దదైన సవతి కూతురు అలిగి పుట్టింటికి రాకపోతే పిలిపించి, తన నగలన్నీ ఆమె ఒంటి మీద పెట్టి మనసు గెలుచుకుంటుంది.

సి.ఎస్.ఆర్. గురించి ఓ మాట. ఆ పాత్రని నవ్వుల పాలు చేయడం ఎవరికైనా తేలిక, ఆయన చేతిలో మాత్రం అది పరువున్న పెద్దమనిషి పాత్ర. చిన్న పిల్లని చేసుకున్నానన్న ఇబ్బంది ముసలాయన ముఖంలో ఎప్పుడూ కొంచెం కనిపిస్తూ ఉంటుంది. విలనే లేని సినిమా ఇది, గమనించారా?

నాగేశ్వరరావు నిజంగా తాగి నటించారని విన్నాను.

లేదు. ఆయనే చాలాసార్లు చెప్పిన సంగతి ఇది. తాగుడు సీన్లు ఎక్కువగా రాత్రిపూట తీసేవారు. కడుపునిండా పెరుగన్నం తిని వస్తే నిద్ర ముంచుకొచ్చేది, ఆ బరువైన రెప్పలే మనకి తెర మీద మత్తుగా కనిపించాయి. తాగుడు సీనంటే తూలిపడటం, నాలుక మడతపడటం, గట్టిగా అరవడం అనుకునే నటులకి ఇది పాఠంగా పెట్టొచ్చు. ఆయన దాదాపు కదలడు. మాట నెమ్మదిస్తుంది, చూపు ఒకచోట నిలవదు, దగ్గు వస్తుంది, చిన్న నవ్వు ఒకటి వచ్చి మధ్యలో ఆగిపోతుంది. ఛాయాగ్రాహకుడు బి.ఎస్. రంగా కూడా ఆ ముఖాన్ని నీడల్లో పెట్టి సగం పని చేసిపెట్టాడు.

అప్పటికి ఆయనకి బాలరాజు, కీలుగుర్రం లాంటి జానపదాల పేరే ఎక్కువ. కత్తి తిప్పే హీరో దేవదాసు ఏమిటని పెదవి విరిచినవాళ్ళు ఉన్నారట. సినిమా విడుదలయ్యాక ఆ నోళ్ళు మూతపడ్డాయి, ఆ తర్వాత ఆరు దశాబ్దాలు ఆయన ఏం చేసినా దేవదాసు నీడ వదల్లేదు. 1978లో దాసరి నారాయణరావు దర్శకత్వంలో దేవదాసు మళ్ళీ పుట్టాడు అని కూడా చేశారు.

సావిత్రికి ఇదే మొదటి సినిమానా?

కాదు. 1951 పాతాళ భైరవిలో చిన్న నృత్యం ఉంది, 1952 పెళ్ళిచేసి చూడులో రెండో జోడీలో ఉంది. కానీ సావిత్రి అంటే ఎవరో జనానికి తెలిసింది ఇక్కడే. మహానటి చూసి వచ్చిన కొత్త ప్రేక్షకులు ఆమెని మాయాబజార్ దగ్గర మొదలుపెడతారు, అది 1957 నాటిది. దేవదాసు దగ్గర మొదలుపెట్టమని నా సలహా. ఏడుపు సీన్ల కోసం కాదు. మొదటి గంటలో దేవదాసుని ఆటపట్టించే పారుని, పెళ్ళయ్యాక పెద్దింటి ఇల్లాలిగా గొంతు మారిన పార్వతిని పక్కపక్కన పెట్టి చూడండి. ఒకే అమ్మాయి కొన్ని నెలల తేడాలో పదేళ్ళు పెద్దదైపోయినట్టు ఉంటుంది. మేకప్ వల్ల వచ్చింది కాదది.

సినిమాకి దేవదాసు అని పేరు పెట్టారు గానీ, నన్నడిగితే నిర్ణయాలు తీసుకునే మనిషి ఇందులో పార్వతి ఒక్కతే. రాత్రిపూట రావడం ఆమె నిర్ణయం, రేవులో కాదనడం ఆమె నిర్ణయం, చివర్లో పరువు మర్చిపోయి పరుగెత్తడం కూడా ఆమెదే.

చంద్రముఖి గురించి ఎవరూ మాట్లాడరేం?

అన్యాయమే. లలిత అంటే తిరువాన్కూరు సిస్టర్స్‌లో పెద్దామె, పద్మిని, రాగిణిల అక్క. ఆమె నాట్యం తెలిసిన మనిషి, దర్శకుడు వేదాంతం రాఘవయ్య కూచిపూడిలో పుట్టి పెరిగి, డాన్సు డైరెక్టరుగా సినిమాల్లోకి వచ్చినవారు. ఇద్దరి చేతుల్లో చంద్రముఖి ఇంటి సీన్లు మామూలు ముజ్రా అయిపోకుండా మన పద్ధతిలోకి వచ్చాయి. ఇంత తెలిసియుండి అనే క్షేత్రయ్య పదం రావు బాలసరస్వతీదేవి గొంతులో వింటే అర్థమవుతుంది నేనేమంటున్నానో. బెంగాలీ నవలలోని వేశ్య ఇంటికి తెలుగులో ఏ పాట సరిపోతుందని ఆలోచించి మువ్వగోపాలుడి పదం దగ్గరికి వెళ్ళడం ఎంత చక్కటి ఆలోచన! కథని ఇక్కడి మట్టిలో నాటడమంటే ఇదీ.

పాటలు ఎవరివి? సంగీతం విశ్వనాథన్ రామమూర్తిది అని ఒకరు, సుబ్బురామన్ ది అని ఒకరు.

ఇద్దరూ కరెక్టే. సంగీత దర్శకుడు సి.ఆర్. సుబ్బురామన్. 1952లో, సినిమా పూర్తికాక ముందే, ముప్పై ఏళ్ళు నిండకుండానే చనిపోయారు. ఆయన దగ్గర పనిచేస్తున్న ఎం.ఎస్. విశ్వనాథన్, టి.కె. రామమూర్తి మిగిలిన పని పూర్తిచేశారు. జగమే మాయ బాణీ వాళ్ళిద్దరిదేనని చెప్పుకుంటారు. తర్వాతి రోజుల్లో తమిళ సినిమా సంగీతాన్ని ఏలిన జంట వాళ్ళు, మొదలు ఇలా ఒక విషాదంలో జరిగింది.

సాహిత్యం తెర మీద సముద్రాల రాఘవాచార్య, అంటే సీనియర్ సముద్రాల పేరుతో ఉంది. కొన్ని పాటల్లో మల్లాది రామకృష్ణశాస్త్రి చెయ్యి ఉందన్న వాదన ఎప్పటి నుంచో నడుస్తోంది. ఆ పంచాయితీ తీర్చడం నా వల్ల కాదు, ఎవరు రాసినా మనకే లాభం.

పాడింది ప్రధానంగా ఘంటసాల. పల్లెకు పోదాంలోని హుషారు గొంతు, కుడి ఎడమైతేలోని ఎగతాళి గొంతు, జగమే మాయలోని అలసిన గొంతు, మూడూ వరసగా వింటే సినిమా చూడకుండానే ఆ మనిషి పతనం మొత్తం వినపడుతుంది. అంతా భ్రాంతియేనా పాడిన కె. రాణి అప్పటికి ఇంకా చిన్నపిల్లే. ఆ వయసులో ఆ నిరాశ గొంతులోకి ఎలా తెచ్చిందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

జగమే మాయ తాగుబోతు పాటా, వేదాంతమా?

తాగుబోతు చెప్పే వేదాంతం. కిక్కంతా అందులోనే ఉంది. వేదాల సారం ఇదేనంటాడు, కానీ ఆ మాట సన్యాసి నోట వస్తే ఒకలా ఉంటుంది, చేతకానివాడి నోట వస్తే ఇంకోలా ఉంటుంది. తను చేసిన దానికి జగత్తు మీద తప్పు తోసేస్తున్నాడు. కుడి ఎడమైతే పొరపాటు లేదోయ్ అని పాడతాడు కానీ, పొరపాటు ఉంది, అది తనదే, తనకీ తెలుసు. రాసినవారికి తెలియదా మరి! మన వాళ్ళు మాత్రం ఈ పాటల్ని కథలో నుంచి పీకి, సంతాప సభల్లోనూ మందు పార్టీల్లోనూ ఒకే భక్తితో పాడుకుంటున్నారు. ఆర్కెస్ట్రా ప్రోగ్రాంలలో అయితే శాలువా, మాసిన గడ్డం, చేతిలో సీసా, పక్కన ఓ కుక్క బొమ్మ, దేవదాసు రెడీ.

మద్యనిషేధం ఉన్న రోజుల్లో ఈ సినిమా ఎలా ఆడింది?

మంచి ప్రశ్న, చాలామందికి తట్టదు. 1948 అక్టోబరు నుంచి మద్రాసు రాష్ట్రం మొత్తం మద్యనిషేధం అమల్లో ఉంది, అంటే కోస్తా, రాయలసీమ జిల్లాలన్నీ ఆ కిందే. ఊళ్ళో చుక్క దొరకని కాలంలో తెర మీద తాగి తాగి చచ్చిపోయే హీరోని చూడటానికి జనం ఎగబడ్డారు. తాగితే గతి ఇదీ అని చెప్పే సినిమా అనుకున్నవాళ్ళూ ఉన్నారు, తాగేవాడిని ఇంత అందంగా చూపిస్తారా అని తిట్టినవాళ్ళూ ఉండే ఉంటారు. ఇంకో సంగతి, సినిమా వచ్చిన మూడు నెలలకి, 1953 అక్టోబరు 1న, ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. ఊరంతా రాజకీయం మాట్లాడుకుంటున్న వేళ కూడా ఈ బక్కచిక్కిన మనిషికి చోటు దొరికింది.

ఇది తమిళం నుంచి డబ్బింగా?

కాదు. తెలుగు, తమిళం రెండూ తీశారు. తమిళ దేవదాస్ అదే ఏడాది సెప్టెంబరులో వచ్చింది. దేవదాసు, పార్వతి, చంద్రముఖి అక్కడా వీళ్ళే. భగవాన్ పాత్ర మాత్రం అక్కడ ఎం.ఎన్. నంబియార్ వేశారు. పాటలు ఘంటసాలే పాడారు, జగమే మాయ అక్కడ ఉలగే మాయం. తమిళులు ఆ పాటని తమదే అంటారు, అననివ్వండి.

హిందీ వాటి ముందు ఇది నిలబడుతుందా?

చూసి చెప్పండి. వరస మాత్రం చెబుతాను. 1928లో నరేశ్ మిత్రా మూకీ. 1935లో కలకత్తా న్యూ థియేటర్స్‌లో పి.సి. బారువా తనే దేవదాసుగా బెంగాలీలో తీశారు, మరుసటి ఏడాది హిందీలో సైగల్‌తో. ఆ సినిమాకి కెమెరా పట్టిన బిమల్ రాయ్ 1955లో తనే దర్శకుడై దిలీప్ కుమార్, సుచిత్రా సేన్, వైజయంతిమాలతో తీశారు. అంటే మనది దానికంటే రెండేళ్ళు ముందు. 2002లో సంజయ్ లీలా భన్సాలీ, 2009లో అనురాగ్ కశ్యప్ దేవ్ డి.

బిమల్ రాయ్ ది చాలా సంయమనం ఉన్న సినిమా, పార్వతి, చంద్రముఖి దారిలో ఎదురుపడి ఒక్కమాట లేకుండా సాగిపోయే ఘట్టం ఒక్కటి చాలు. నవలలో వాళ్ళిద్దరూ అసలు కలవరు. భన్సాలీ వాళ్ళిద్దరితో కలిసి డాన్సు చేయించాడు, అంత పెద్ద హవేలీల్లో పారు ఇల్లు పేదదని నమ్మడం నాకు చేతకాలేదు. దేవ్ డి ఒక్కటే దేవదాసుని చాచి లెంపకాయ కొట్టిన సినిమా, అందుకు దర్శకుడికి నమస్కారం.

తెలుగులో 1974లో విజయనిర్మల దర్శకత్వంలో, కృష్ణ హీరోగా రంగుల్లో మళ్ళీ వచ్చింది. రమేష్ నాయుడు పాటలు చాలా బాగుంటాయి, కల చెదిరింది ఇప్పటికీ వింటారు. కానీ పాత దేవదాసు జనం గుండెల్లో ఉండగా, దాన్ని మళ్ళీ థియేటర్లకి కూడా తీసుకొచ్చేసరికి, పోలికలో ఇది నలిగిపోయింది.

క్లైమాక్స్‌లో తలుపులు మూసుకోవడం నవలలో ఉందా?

లేదు. నవల ముగింపు ఇంకా కఠినం. చావు ముంచుకొస్తోందని తెలిసి పాండువా స్టేషన్లో దిగి ఎడ్లబండి మాట్లాడుకుంటాడు. దారి బాగోదు, జ్వరం, నోట్లో నెత్తురు, బండివాణ్ణి ఇంకెంత దూరం అని అడుగుతూనే ఉంటాడు. జమీందారు ఇంటి ముందు రావిచెట్టు కింద దింపుతారు. ఊళ్ళోవాళ్ళు చుట్టూ మూగుతారు, ఎవరో ఏమిటో తెలియదు. తెల్లారాక ప్రాణం పోతుంది. జేబులో ఉత్తరాలు, వేలికి ఉంగరం, చేతి మీద పచ్చబొట్టు చూసి ఆనవాలు పడతారు. కులమేమిటో తెలియని శవం అని ఊళ్ళోవాళ్ళు ముట్టుకోరు, చండాలులు వచ్చి ఎలాగో సగం సగం కాల్చి వెళ్ళిపోతారు. పార్వతికి ఇదంతా అయిపోయాక తెలుస్తుంది. పరుగెత్తబోతే భర్త పట్టుకోమని కేకవేస్తాడు, ఆమె స్పృహ తప్పుతుంది.

ఆమె పరుగెత్తుకొస్తుంటే ముఖాన తలుపులు మూసుకుపోవడం బారువా 1935లో కల్పించింది. ఎంత బాగా అతికిందంటే తర్వాత తీసినవాళ్ళు చాలామంది దాన్ని నవలలోదే అన్నట్టు వాడుకున్నారు. సినిమాకి అది కావాలి కూడా, ఎందుకంటే తెర మీద శవం కాలిపోయాక వార్త తెలియడం కంటే, నాలుగు అడుగుల దూరంలో ఉండి చూడలేకపోవడం ఎక్కువ కోస్తుంది. నేను మాత్రం నవల ముగింపునే గొప్పదంటాను. చివరి పేజీలో శరత్ కథ ఆపి, ఇలాంటి అభాగ్యుడి కోసం మీరైనా ప్రార్థించండని పాఠకుడినే అడుగుతాడు.

ఇప్పుడు చూస్తే స్లోగా ఉంటుందా?

ఉంటుంది. మూడు గంటల పైమాటే, మధ్యలో కామెడీ ట్రాకులు ఉన్నాయి, వాటిని దాటేసినా పాపం తగలదు. యూట్యూబ్‌లో ఉన్న కాపీలన్నీ ఒకలా ఉండవు, కొన్నిట్లో పాటలు కోసేశారు, కొన్నిట్లో బొమ్మ మరీ అలుక్కుపోయింది, కాబట్టి నిడివి చూసి ఎంచుకోండి. ఫోన్లో చూడకండి, రంగా గారి నీడలన్నీ నల్లటి మరకల్లా కనిపిస్తాయి. ఒక్క బిగిన చూడలేకపోతే పార్వతి పెళ్ళి దగ్గర ఆపి, మర్నాడు మిగతాది చూడండి. అక్కడిదాకా ఒక సినిమా, అక్కడి నుంచి ఇంకో సినిమా.

మా తమ్ముడికి బ్రేకప్ అయింది, వాడికి చూపించొచ్చా?

మొదటి గంటన్నర చూపించండి, ఉత్తరం రాసే ఘట్టం దాకా. తర్వాతి సగం వాడు కుదుటపడ్డాక చూసుకోవచ్చు. జగమే మాయ ఇప్పుడప్పుడే వినిపించకండి, వాడు స్టేటస్ పెట్టేస్తాడు.